జిగురు రాయని జానెడు

సౌండన్నకి సరిగ్గా వినపడదంటే ఆ వీధిలో ఎవరైనా పగలబడి నవ్వుతారు. కార్లలో సబ్‌వూఫర్లు, అంటే లావు శబ్దాలకే పెట్టే పెద్ద స్పీకర్లు, బిగించడంలో అతన్ని మించినవాడు లేడని పేరు. రోడ్డు మీద ఏదో కారు గుం గుం అనుకుంటూ వెళ్తుంటే, షాపు ముందు స్టూలు మీద కూర్చునే, "పాపం, రెండు స్పీకర్లలో ఒకదానికి వైర్లు తిరగేసి కలిపారు. ఒకటి ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది, ఒకదాన్నొకటి మింగేసుకుంటున్నాయి" అని చెప్పేస్తాడు. అలాంటివాడికి చెవుడేమిటి?

భార్య మాత్రం నవ్వదు. షాపుకొచ్చేవాళ్ళు అతన్ని అన్న అన్నారు గనక ఆమె వదిన అయింది, పెట్టెలు చేస్తుంది గనక పెట్టెల వదిన అయింది. ఆమె తండ్రి వడ్రంగి. పెళ్ళై వచ్చేటప్పుడు రంపం పట్టుకు రాలేదు గానీ రంపం పట్టడం మాత్రం వచ్చి ఉంది. సబ్‌వూఫర్ ఊరికే డిక్కీలో పడేస్తే మోగదు. దానికి కొలత ప్రకారం చెక్కపెట్టె ఉండాలి. ఇంటి ముందుగది షాపు, వెనక పెరట్లో రేకుల కింద ఆమె పెట్టెల పని, మధ్యలో వంటగది. అటు కూర ఉడుకుతుంటే ఇటు జిగురు ఆరుతుంటుంది.

అతని చెవుల సంగతి ఆమెకి కూతురి వల్ల తెలిసింది. చిట్టికి పన్నెండేళ్ళు. గొంతు సన్నగా, ఈల వేసినట్టుంటుంది. ఏడాది కిందట ఒక సాయంత్రం బడి నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి, "నాన్నా, పరుగుపందెంలో నేనే ఫస్టు!" అంది. అతను వైరు తొక్క తీస్తూ, "ఆ, ఆ, అమ్మనడుగు" అన్నాడు. పరధ్యానమనుకుంది ఆమె. తరవాత గమనిస్తే, కుక్కర్ ఈలలు అతనికి లెక్కలోకి రావడంలేదు. వీధి చివర లారీ మలుపు తిరిగితే మాత్రం అందరికంటే ముందు తల తిప్పుతాడు. ఆమె గొంతు కాస్త బొంగురు కాబట్టి ఆమె మాటలు అందుతున్నాయి. పిల్ల మాటలకి మాత్రం తల ఊపి ఒక నవ్వు నవ్వి ఊరుకుంటున్నాడు.

చిట్టి నాలుగైదు నెలలు చూసి చెప్పడం మానేసింది.

"నాన్నతో చెప్పవే, సంతోషిస్తారు," అంటే, "నువ్వే చెప్పమ్మా. నీదైతే వినపడుతుంది" అని పుస్తకంలో తల పెట్టుకునేది.

ఆ మాట విన్నాక ఆమె ఇక ఊరుకోలేదు. చెవిలో ఇల్లు కట్టుకుని పోరి పోరి, చివరికి అతన్ని చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. అద్దాల గదిలో కూర్చోబెట్టి, తలకి హెడ్‌ఫోన్లు తగిలించి, ఏదైనా వినపడితే మీట నొక్కమన్నారు. మొదట్లో టకటకా నొక్కాడు. బయట కూర్చున్న భార్య వైపు అద్దంలోంచి చూసి కనుబొమలెగరేశాడు కూడా. ఆ తరవాత చాలాసేపు చెయ్యి కదల్లేదు. పరీక్ష అయిపోయిందనుకుని ఫోన్లు తీసేయబోతుంటే, "ఇంకా నడుస్తోందండీ, ఉంచుకోండి" అంది అక్కడి అమ్మాయి.

డాక్టరు కాగితం మీద గీత చూపించాడు. ఎడమవైపు బల్లపరుపుగా సాగి, కుడివైపు జారుడుబల్లలా కిందకి పడిపోయింది. "లావు శబ్దాలు బాగానే అందుతున్నాయి. సన్నవి పోయాయి. పిల్లల గొంతులు, పిట్టల కూతలు, మాటల్లో స, శ లాంటివి. పోయినవి ఇక రావు. మిగిలిందైనా నిలవాలంటే మూసిన కారులో కూర్చుని ఆ మోత వినడం మానెయ్యాలి" అన్నాడు.

బయటికొచ్చాక సౌండన్న కాలరు సర్దుకున్నాడు.

"విన్నావుగా? బాస్ అంతా బ్రహ్మాండంగా ఉందన్నాడు."

"మిగతాది పోయిందన్నాడండీ."

"మిగతాదానితో మనకేం పని?"

"మిగతాదాంట్లో మీ కూతురుంది."

 బస్సు ఎక్కి కూర్చున్నాక, సగం దారిలో, తనలో తను అనుకున్నట్టు అన్నాడు. "కారులో కూర్చోకుండా ఎలా కుదురుతుందే? నువ్వు కూరలో ఉప్పు నోట్లో వేసుకోకుండా చూస్తావా?"

"దానికి మీటరేదో ఉంటుందిగా. బయట నిలబడి అంకెలు చూసుకోవచ్చు."

"ఉప్పుకీ మీటరుంటుంది. కొనుక్కో."

ఆ తరవాత ఆమె దారి మార్చింది. కార్లకి వెనక కెమెరాలు పెట్టొచ్చు, దొంగలొస్తే కూసే అలారాలు పెట్టొచ్చు, లైట్లు మార్చొచ్చు. అందులో చెవుల పని తక్కువ. రోజూ అన్నం పెడుతూ ఏదో వంకన ఆ మాట ఎత్తేది. అతనూ మెత్తబడుతున్నట్టే కనిపించాడు. రెండు కెమెరాలు బిగించాడు కూడా. సరిగ్గా అప్పుడే జిమ్ మాస్టరు దిగబడ్డాడు.

జిమ్ మాస్టరు తలుపులో పట్టనంత మనిషి. తెల్ల కారు తెచ్చి షాపు ముందు అడ్డంగా ఆపి, దిగుతూనే మొదలుపెట్టాడు.

"అన్నా, పరువు పోయింది. మా తమ్ముడు మూలమీద షాపులో పెట్టించుకున్నాడు. నాది ఏ కంపెనీనో వాడిదీ అదే స్పీకరు. అదే సైజు. అవే వాట్లు. వాడిది మోగుతుంటే పక్కన నాది దోమ పాడినట్టుంది. వాడికేమో నవ్వు, నాకేమో ఏడుపు."

"వాట్లు వాట్లు అని చస్తారు గానీ," అన్నాడు సౌండన్న, కళ్ళు మెరుస్తుండగా, "వాట్లు కండలాంటివి. నీకున్నాయిగా, ఏం చేసుకుంటావు? తోయడానికి గాలి ఉండాలి. స్పీకరు రేకు ఎంత వెడల్పుంది, ఎంత దూరం ముందుకీ వెనక్కీ కదలగలదు, అది చూడాలి. ఒకే కరెంటు తాగి ఒకటి ఎక్కువ అరుస్తుంది, ఒకటి తక్కువ అరుస్తుంది, దాని పుట్టుకే అంత. తరవాత వైరు. సన్నపు వైరేస్తే దెబ్బ పడేవేళకి బ్యాటరీ నీరసపడుతుంది. ఇవన్నీ ఒకెత్తు. పెట్టె ఒకెత్తు. ఇరుకైతే గొంతు నొక్కినట్టుంటుంది, మరీ వదులైతే గాలిలో చెయ్యి ఊపినట్టుంటుంది. పెట్టెకి గొట్టం లాంటి దారి ఉంటుంది చూశావా, దాని పొడవు కుదిరితే వెనక పోయే గాలి కూడా ముందుకొచ్చి సాయం పడుతుంది. మీ తమ్ముడి కారులో కుదిరింది. నీకు ఆ దారి లేకుండా అంతా మూసేసిన సీలు పెట్టె ఇచ్చి పంపారు."

"అయితే వాడికంటే గట్టిగా వస్తుందా?"

"మా ఆవిడ పెట్టె కోస్తే వాడి అద్దాలు నీ కారుకి ఊగుతాయి."

వంటగది గడపలో నిలబడి ఆమె ఇదంతా వింది. అదే రోజు సాయంత్రం ఆమె అడిగి చూసింది.

"ఇదొక్కటీ వద్దనండి."

"మాటిచ్చేశానే."

"డాక్టరు చెప్పింది..."

"ఇదొక్కటీ అయ్యాక చూద్దాం" అన్నాడతను. అతని ఒక్కట్లు ఎన్నో ఆమెకి తెలుసు.

పెరట్లో పలకలు కోస్తున్నప్పుడు ఆమెకా ఆలోచన వచ్చింది. పాడు ఆలోచనని తెలుసు. పెట్టె మోగకపోతే? ఒకపూట చూస్తాడు, స్పీకరుదే లోపమంటాడు. జిమ్ మాస్టరు ఓపిక లేని మనిషి, మూలమీద షాపుకి పోతాడు. పోతే పోనీ. ఇంటాయన పరువు కాస్త తగ్గుతుంది, కెమెరాల వైపు తిరుగుతాడు. తండ్రి నేర్పిన చేతి పనిలో ఆమె ఇప్పటిదాకా వెంట్రుకవాసి తేడా రానివ్వలేదు. అందుకే అతను ఆమె పెట్టెని అనుమానించడు. అదే ఆమె ధైర్యం.

వెనకపలకా కిందపలకా కలిసేచోట, మూలకి దగ్గరగా, జానెడు మేర అంచుని చిత్రికతో రెండుసార్లు లాగింది. కాగితం మందం పోయింది. అక్కడ తప్ప అంతటా జిగురు రాసింది. స్క్రూలు మాత్రం వరసగా బిగించింది. పైన నల్ల తివాచీ గుడ్డ అంటించేసరికి పెట్టె పెళ్ళికూతురిలా ఉంది. తండ్రి చూసుంటే ఆ చిత్రికతోనే నెత్తిన ఒకటి ఇచ్చేవాడు.

మర్నాడు పొద్దున జిమ్ మాస్టరు కారు వదిలి వెళ్ళాడు. సౌండన్న పెట్టె బిగించాడు. పాట పెట్టాడు. ఒక నిమిషానికే మొహం చిట్లించి కిందకి దిగాడు.

"గుండెకి తగలట్లేదే. ఎక్కడో జావ కారిపోతోంది."

డిక్కీ తెరిచారు. ఆమె అతని పక్కనే నిలబడింది. పాట నడుస్తోంది. ఒక్కో దెబ్బకీ పెట్టె వెనక మూలనుంచి 'ఉస్... ఉస్...' అని గాలి చీలిపోతున్న చప్పుడు ఆమెకి స్పష్టంగా వినిపించింది. పాము బుస కొట్టినట్టు.  అయిపోయింది, దొరికిపోయాను అనుకుంది. గుడ్డ కప్పితే చాలనుకుంది గానీ ఇంత గట్టిగా కూస్తుందనుకోలేదు. ఇన్నేళ్ళలో ఆమె పెట్టె ఎప్పుడూ కూయలేదు మరి.

అతను వంగి, పెట్టె అంచుకి చెవి ఆనించాడు. ఆ మూల దగ్గరే. అరనిమిషం అలాగే ఉండి, లేచి, తల అడ్డంగా ఊపాడు.

"కంత లేదు. కంతుంటే బుస కొట్టాలి. పెట్టె శుభ్రంగా ఉంది. ఇంకెక్కడో ఉంది తిరకాసు."

ఆమె చెప్పబోయి ఆగింది.  కంత ఉందని చెప్పాలంటే, అది మీకు వినపడలేదని కూడా చెప్పాలి. రెండూ కలిపి ఒకేసారి ఎలా చెప్పాలో ఆమెకి తెలియలేదు. ఆ గీత అంత కిందకి జారిందని డాక్టరు కాగితంలో చూసినప్పుడు కూడా ఇంతగా అర్థం కాలేదు.

ఆ పూటే పోతుందనుకున్న పని మూడు రోజులు సాగింది. జిమ్ మాస్టరుకి లేని ఓపిక సౌండన్నకి ఉందన్న సంగతి ఆమె మరిచిపోయింది. ఫోను చేసి అతన్ని బతిమాలి గడువు అడిగాడు. వైర్లు తిరగేసి కలిపాడు, మళ్ళీ సరిచేశాడు. యాంప్లిఫయర్ మార్చాడు. బ్యాటరీ దగ్గర్నుంచి కొత్తగా లావు వైరు లాగాడు. ఒక్కో మార్పుకీ కారెక్కి, తలుపు వేసుకుని, అద్దాలెత్తుకుని, అరచెయ్యి వెనక అద్దానికి ఆనించి ఫుల్లుగా పెట్టి వినేవాడు. తగలకపోతే ఇంకాస్త పెంచేవాడు. మామూలుగా ఒక కారుకి పది నిమిషాలు కూర్చునేవాడు, ఈ కారుకి పొద్దంతా కూర్చుంటున్నాడు. వంటగది అలమరలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమంటుంటే, ఒక్కో గలగలా తన చేతి పనే అని ఆమె లెక్కపెట్టుకుంది.

రెండోరోజు మధ్యాహ్నం కారు తలుపు లాగి, "ఇక దిగండి, ఆ స్పీకరే దండగది. తిరిగిచ్చెయ్యండి" అంది.

"స్పీకరు బంగారం. తప్పు నాదే ఎక్కడో. పట్టుకోకుండా వదిలితే నేనెందుకు ఈ పనికి?"

"పోనీ పెట్టె నేను విప్పి చూస్తాను."

"నీ పెట్టెలో తప్పా?" అని నవ్వాడు. "సూర్యుడు పడమట పొడిచినా నీ జాయింటు విడదు. తలుపెయ్యి."

ఎప్పుడూ పొగడని మనిషి. ఆ రోజే పొగడాలా? రాత్రి అన్నాల దగ్గర చెవులు రుద్దుకుంటూ, గదిలో ఎక్కడో కీచురాయి అరుస్తోందన్నాడు. గదిలో ఏమీ లేదు.

మూడోరోజు ఆమె నిశ్చయించుకుంది. ఏమైతే అయింది, చెప్పేస్తాను. పొయ్యి కట్టేసి, కొంగు దోపుకుని బయటికొచ్చేసరికి, బడినుంచి వచ్చిన చిట్టి కారు వెనక తలుపు తీసి పట్టుకుని ఉంది. లోపల పాట దద్దరిల్లుతోంది. పిల్ల సంచీ కూడా దించలేదు.

"నాన్నా! ఈ పెట్టె ఎందుకు బుస కొడుతోంది?"

అతను వెనక్కి తిరిగి, మామూలుగా తల ఊపి నవ్వాడు. చిట్టి ఈసారి ఊరుకోలేదు. ఎందుకో మరి. సీటెక్కి, వెనక్కి వంగి, పెట్టె మూలకి వేలు ఆనించి చూపించింది. అతను పాట ఆపకుండానే దిగి వచ్చి, డిక్కీ తెరిచి, ఆ వేలున్న చోట తన అరచెయ్యి పెట్టాడు. గుడ్డ కిందనుంచి గాలి చేతికి కొట్టింది. ఒక్కో దెబ్బకీ ఒక్కో ఊపిరి.

పాట ఆపేశాడు. స్క్రూడ్రైవరుతో గుడ్డ అంచు లేపాడు. చిత్రిక పట్టిన జానెడు మేర తెల్లగా, నున్నగా కనిపించింది. పనివాడు కాబట్టి అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. విడిపోయిన జాయింటు వేరు, విడదీసిన జాయింటు వేరు.

"చెయ్యి జారిందా?" అని అడిగాడు. జారిందంటే నమ్మడానికి సిద్ధంగా ఉన్నట్టు అడిగాడు.

"లేదు."

"మరి?"

"మోగకపోతే అతను వేరే షాపుకి పోతాడనుకున్నాను. మీరు ఇది మానేస్తారనుకున్నాను."

అతను ఆ అంచుని బొటనవేలితో తడిమి చూశాడు.

"మొదటిరోజు నేను చెవి పెట్టి విన్నప్పుడు కూడా బుస కొడుతోందా?"

"కొడుతోంది."

"నీకు వినపడిందా?"

"వినపడింది."

పనిముట్ల పెట్టె మీద కూలబడ్డాడు. అరుస్తాడేమోనని చూసింది. అరవలేదు. ఆ కాసేపట్లో ఆమెకి గంపెడాశ పుట్టింది. పోనీలే, నా మీద కోపమొస్తే వచ్చింది, ఇప్పుడైనా తెలిసింది కదా. తను నోటితో చెప్పలేనిదాన్ని ఆ జానెడే చెప్పేసింది కదా. రేపట్నుంచి కెమెరాలే.

అతను తలెత్తి భార్యని చూడలేదు. కూతుర్ని చూశాడు.

"నీకెక్కణ్ణుంచి వినపడిందమ్మా?"

"గేటు దగ్గర్నుంచే," అంది చిట్టి. అతని కనుబొమలు ముడిపడటం చూసి, దగ్గరికొచ్చి, చెవి పక్కన నోరు పెట్టి గట్టిగా చెప్పింది. "గేటు దగ్గర్నుంచే నాన్నా!"

"గేటు దగ్గర్నుంచే!" అతని మొహం వికసించింది. "అబ్బో! పన్నెండేళ్ళ పిల్ల! మూడు రోజులు నేను కొట్టుకు చస్తుంటే!" పిల్ల తల మీద చెయ్యేసి ఊపాడు. ఆ తరవాత భార్యతో, మామూలు గొంతుతో, "జిగురు పట్రా" అన్నాడు.

ఆమె తెచ్చింది. రాసింది కూడా ఆమే. ఇంకెవరు రాసినా అది అతకదు.

జిగురు ఆరాక పెట్టె మోగింది. ఎదురింటి మేడ మీద ఆరేసిన బట్టలు ఊగాయని చిట్టి తరవాత చెప్పింది. జిమ్ మాస్టరు ఆనందానికి హద్దు లేదు. "అన్నా, మా తమ్ముడి మొహం చూడాలి నువ్వు! వదినా, నీ చేతికి దణ్ణం!" అంటూ రెండు చేతులూ ఎత్తాడు. ఆమె ఆ దణ్ణానికి ఏం చెయ్యాలో తెలియక వంటగదిలోకి వెళ్ళి, తోమిన గిన్నె మళ్ళీ తోమింది.

ఆదివారం మధ్యాహ్నానికి వాకిట్లో రెండు కార్లున్నాయి. జిమ్ మాస్టరు స్నేహితులవి. రెండింటికీ ఆమే పెట్టెలు చేసింది, ఈసారి ఎక్కడా చిత్రిక పెట్టలేదు. బట్టలు మడతపెడుతుంటే ముందుగదిలోంచి అతని గొంతు వినిపించింది.

"చిట్టీ! రామ్మా, మొదటి బండి రెడీ!"

పిల్ల రేడియోలో తన పేరు చదివినంత సంబరంగా లేచి పరిగెత్తింది. ఆమె మడత వదిలేసి వెనకే వెళ్ళింది.

"దాన్నెక్కడికి?"

"కారులోకి. ఎక్కడ బుస కొట్టినా చెప్పేస్తుంది. ఇక నుంచి నా చెవులు ఇదేనే. రెండు నిమిషాల పని."

"వద్దండీ. పసిపిల్ల."

"చిన్నగా పెడతాను లేవే."

చిన్నగా పెడితే బుస రాదు. ఆ సంగతి అతనికీ తెలుసు, ఆమెకీ తెలుసు. ఆమె కూతురి రెక్క పట్టుకుంది. చిట్టి విదిలించుకోలేదు, ఏడవలేదు. పెద్దదానిలా తల్లిని పక్కకి తీసుకెళ్ళింది.

"అమ్మా, నాన్నకి నాతో పని పడిందమ్మా."

ఆమె చెయ్యి దానంతటదే వదులైంది. లోపలికి పరిగెత్తి, మందుల డబ్బాలోంచి దూది తెచ్చి, రెండు ఉండలు చేసి పిల్ల చెవుల్లో గట్టిగా కుక్కింది. చిట్టి బుద్ధిగా నిలబడి పెట్టించుకుంది. ముందు సీట్లో తండ్రి పక్కన కూర్చుని, తలుపు వేసుకుని, అద్దంలోంచి తల్లి చూస్తుండగానే రెండు ఉండలూ తీసి ఒళ్ళో పెట్టుకుంది. అద్దం కాస్త దించి, "ఇవుంటే బుస వినపడదమ్మా" అని చెప్పి, మళ్ళీ ఎత్తేసింది.

పాట మొదలైంది. నేల అరికాళ్ళ కింద వణికింది. ఆమె తలుపు పిడి పట్టుకుంది. లాగితే వచ్చేస్తుంది, లోపల గడియ పెట్టలేదు. లోపల చిట్టి ఏదో చెప్తోంది, చేతులు తిప్పుతూ, గబగబా, ఆపకుండా. ఇన్ని నెలలుగా దాచుకున్నవన్నీ చెప్తున్నట్టుంది. అతను ఒళ్ళంతా అటు వంచి, చెవిని పిల్ల నోటికి ఆనించి, కళ్ళు మూసుకుని వింటున్నాడు. మధ్యలో నవ్వాడు. సరైన చోటే నవ్వినట్టున్నాడు, చిట్టి కూడా నవ్వింది.

ఆమె ఆ పిడి లాగలేదు, వదల్లేదు. అద్దంతోపాటు ఆమె చెయ్యీ అదురుతోంది.